సర్కారు ఈ-రికార్డుల నిల్వ గడువు: నెల్లూరు తీరం చెప్పే సంగతులు

ప్రభుత్వ కార్యాలయం పంపిన ఈ-మెయిల్, అధికారి పెట్టిన వాట్సాప్ సందేశం, తుపాను హెచ్చరికగా వచ్చిన ఎస్సెమ్మెస్, వెబ్‌సైట్‌లో ఉంచిన జీవో, ఏ ఉద్యోగి ఏ నిమిషంలో ఏ పేరు మార్చాడో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే లాగ్ - ఇవన్నీ ప్రభుత్వ రికార్డులే. కాగితం ఫైలుకు ఉన్నట్టే వీటికీ ఒక ఆయుష్షు ఉంటుంది. ఏది ఎన్నాళ్లు ఉంచాలి, ఏది ఎప్పుడు తీసేయాలి, ఏది ఎప్పటికీ చెరపకూడదు అని ముందుగా రాసిపెట్టుకునే నియమమే నిల్వ గడువు.

సర్వర్‌లో ఖాళీ ఎంత ఉందన్నది చూసి ఈ గడువు పెట్టడం తగదు. ఆ రికార్డు మీద ఎవరి బతుకు ఎంతకాలం ఆధారపడి ఉంటుందో లెక్కగట్టి పెట్టాలి. ఈ సంగతి అర్థం కావడానికి నెల్లూరు తీరాన్ని మించిన చోటు దొరకదు. ఒకవైపు కృష్ణపట్నం రేవు, థర్మల్ కేంద్రాలు, రొయ్యల చెరువులు, ఉప్పు కయ్యలు, పట్టపుపాలేలు. ఇంకోవైపు పులికాట్ పక్కన శ్రీహరికోట. వీటన్నిటి వెనకా ప్రభుత్వ రికార్డులున్నాయి. వాటిలో కొన్ని నూరేళ్ల తర్వాత కూడా జనం తలుపు తట్టాయి.

కావలి దగ్గర ఒక చుక్క

బ్రిటిష్ కాలపు రీసర్వే, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌ను రెవెన్యూ వాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఇలా వరుసగా గడులు. భూమి ఎవరిదో ఆనాడు తేలని చోట గుమస్తా పట్టాదారు గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టాడు. సర్వే నంబరుంది, విస్తీర్ణముంది, పేరుండాల్సిన చోట మాత్రం నాలుగు చుక్కలు. అవే చుక్కల భూములు.

ఆ చుక్కలు ఎందుకు పెట్టారో చెప్పే కాగితం చాలాచోట్ల పక్కన లేదు. వారసులు తరతరాలుగా దున్నుకుంటున్నా, ఆ గడి ఖాళీగా ఉన్నందుకు భూమిని ప్రభుత్వానిదిగా అనుమానించారు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేరాక అమ్మకాలు, తాకట్లు ఆగిపోయాయి. దీన్ని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే తేవలసి వచ్చింది. 2023 మే 12న కావలిలో జరిగిన సభలో, రాష్ట్రవ్యాప్తంగా 97,471 మంది రైతులకు చెందిన 2,06,171 ఎకరాలను ఈ జాబితా నుంచి తప్పిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

రిజిస్టర్ భద్రంగానే ఉంది. లోపించింది దాని వెనక ఉన్న కారణం. ఈనాటి భాషలో చెప్పాలంటే డేటా మిగిలింది, లాగ్ మిగల్లేదు. ఇప్పుడు అదే గడి వెబ్‌ల్యాండ్ అనే కంప్యూటర్ పట్టికలో ఉంది. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైట్‌లో రైతు తన భూమి పత్రాలైన 1బి, అడంగల్ ఇంట్లో కూర్చునే చూసుకోగలడు. అందులో ఒక పేరు పోయి ఇంకో పేరు వస్తే, ఎవరి లాగిన్‌తో, ఏ తేదీన, ఏ ఉత్తర్వు ఆధారంగా మారిందో చెప్పేది లాగ్ ఒక్కటే. అది చెరిగిపోయిందంటే కొత్త చుక్క పడినట్టే.

శాసనం నుంచి ఆర్.డిస్ దాకా

ఈ తీరంలో ప్రభుత్వ ఉత్తర్వును దాచడం కొత్త విషయం కాదు. ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడనీ వర్తకులకు మాటిచ్చింది. ఆ మాట రాతి మీద ఉంది కాబట్టే ఈనాటికీ చదవగలుగుతున్నాం. నెల్లూరు జిల్లా రాగిరేకులను, శిలాశాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. అంతకు ముందు 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ కూడా కచేరీ కాగితాల ఆధారంగా పుట్టిన పుస్తకమే.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఫైళ్లు నడపడానికి టాటెన్‌హామ్ పద్ధతి వచ్చింది. దాని ఆనవాళ్లు కలెక్టరేట్ నుంచి తహసీల్దారు ఆఫీసు దాకా ఇప్పటికీ కనిపిస్తాయి. ఫైలు ముగిసేటప్పుడు దానికి ఒక ముగింపు గుర్తు వేస్తారు. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్ల తర్వాత నాశనం చేయవచ్చు. ఎల్.డిస్ అంటే అల్పమైన సంగతి, కొద్దికాలానికే తీసేయవచ్చు. గుర్తు వేశాకే ఫైలు కట్టలో చేరి రికార్డు రూముకు వెళ్తుంది.

ఈ పద్ధతిలో గొప్ప సుగుణం ఒకటుంది. ఫైలు పుట్టిన విషయం తెలిసిన మనిషే, అది మూసే రోజునే, దాని ఆయుష్షు నిర్ణయిస్తాడు. ఈ-మెయిల్‌కు ఆ ఘడియ రాదు. ఇన్‌బాక్స్‌లో పెళ్లి పిలుపు, సెలవు చీటీ, రేవు విస్తరణ మీద అభిప్రాయం ఒకే వరుసలో ఉంటాయి. అధికారి బదిలీ అయితే అన్నీ ఒకేసారి మరుగున పడతాయి.

చట్టాలు ఏమంటున్నాయి

కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం వర్తిస్తుంది. అంటే మన తీరంలో శ్రీహరికోట కేంద్రం, కస్టమ్స్, వాతావరణ శాఖ దీని కిందికి వస్తాయి. కంప్యూటర్ నుంచి వచ్చినదీ రికార్డేనని ఆ చట్టం ఆనాడే చెప్పింది. 1892కు ముందటి రికార్డును, పూర్తిగా పాడైపోతే తప్ప, నాశనం చేయకూడదు. నిబంధనలు దాటి రికార్డు నాశనం చేస్తే అయిదేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెవెన్యూ, న్యాయస్థానాల కాగితాలను తీసేసే నియమాలు చేసుకునే అధికారం 1917 నాటి రికార్డుల నాశన చట్టం నుంచి వచ్చింది.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఏడో సెక్షన్ ఇంకాస్త లోతుకు పోతుంది. ఎలక్ట్రానిక్ రికార్డు ఉంచామని చెప్పాలంటే మూడు షరతులు నెరవేరాలి: తర్వాత ఎప్పుడైనా తెరిచి చూడగలగాలి, మొదట ఉన్న రూపంలోనో, దాన్ని కచ్చితంగా చూపే రూపంలోనో ఉండాలి, ఎక్కడ పుట్టింది, ఎవరికి వెళ్లింది, ఏ తేదీన ఏ సమయానికి అన్న వివరాలు దానితోపాటే ఉండాలి. ఈ-మెయిల్‌ను అచ్చుతీసి ఫైలులో గుచ్చితే ఈ మూడో షరతు చాలాసార్లు తప్పుతుంది. అమెరికాలో 1989 జనవరిలో, రీగన్ పదవి దిగే వేళ అధ్యక్ష భవనం ఈ-మెయిళ్లను చెరపబోతుంటే కేసు పడింది. అచ్చుతీసిన కాగితం ఎలక్ట్రానిక్ రికార్డుకు సాటి రాదని అప్పీలు కోర్టు 1993లో తేల్చింది.

2005 సమాచార హక్కు చట్టం సమాచారం అన్న మాట కిందే ఈ-మెయిళ్లను పేర్కొంది. రికార్డులకు పట్టిక, సూచిక తయారుచేయడం కార్యాలయాల విధి అంది. ఇరవయ్యేళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇవ్వాల్సిందే అంది. ఇవ్వాలంటే ముందు అది ఉండాలి కదా.

45 రోజుల నుంచి శాశ్వతం దాకా

ఇప్పుడు అమల్లో ఉన్న గడువులు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ దేని చుట్టూ పుట్టిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పోలింగ్ సీసీటీవీ దృశ్యాలను, ఎన్నికల పిటిషన్ పడకపోతే, 45 రోజుల తర్వాత తీసేయవచ్చని ఎన్నికల సంఘం 2025 మేలో చెప్పింది. పిటిషన్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు అంతే గనుక ఆ లెక్క. అది చాలదన్న వాదనా గట్టిగానే వచ్చింది. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు ఉంచాలని సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఇది చొరబాటుదారుణ్ణి పట్టుకోవడానికి సరిపడే కాలం. పోలీస్ స్టేషన్ల సీసీటీవీ దృశ్యాలను 18 నెలలు, అది వీలుకాని చోట కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. లాకప్‌లో దెబ్బలు తిన్నవాడు కోర్టు గడప ఎక్కడానికి పట్టే వ్యవధి అది.

ఎక్కువ కాలం ఉంచడమే తప్పయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఆధార్‌తో వేలిముద్ర సరిచూసిన లావాదేవీల వివరాలను అయిదేళ్లు దాచే నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసి, ఆరు నెలలకు మించి ఉంచకూడదని తీర్పిచ్చింది. పౌరుడు ఎప్పుడు ఎక్కడ వేలు పెట్టాడన్నది ప్రభుత్వం ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన సంగతి కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా అవసరం తీరాక చెరపమంటుంది. చరిత్ర భద్రత, పరిశోధన, గణాంకాలకు మినహాయింపునిస్తుంది.

అమెరికా జాతీయ ఆర్కైవ్స్ 2013లో ఇంకో దారి తొక్కింది. ప్రతి ఈ-మెయిల్‌నూ తూచే బదులు మనిషి పదవిని చూసింది. ఉన్నతాధికారుల మెయిళ్లు శాశ్వతం. మిగతా ఉద్యోగులవి ఏడేళ్లు, సహాయక పనులవి మూడేళ్లు. ఆర్.డిస్, డి.డిస్‌లకు అలవాటుపడిన మన కచేరీలకు ఇది సులభంగా ఒంటబట్టే పద్ధతి. కాకపోతే ఒక మార్పు అవసరం. మన దగ్గర కలెక్టరు మెయిల్ ఎంత ముఖ్యమో, భూమి విషయంలో మండల సర్వేయరు మెయిల్ అంతే ముఖ్యం.

వాట్సాప్‌లో పాలన

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. ఇక అధికారుల మధ్య వాట్సాప్ గ్రూపులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. వరద రాత్రి ఏ ఊరు ఖాళీ చేయించాలి, ఏ గేటు ఎత్తాలి అన్న మాటలు మొదట నడిచేది అక్కడే.

2021 నవంబరు వరదలు గుర్తుతెచ్చుకోండి. పైన కడప జిల్లాలో 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పోటెత్తి కోవూరు ప్రాంతాన్ని ముంచింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఇలాంటి విపత్తు తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎవరు ఎవరికి ఎన్ని గంటలకు చెప్పారన్నది. దానికి జవాబు ఒక సందేశం, దాని మీద పడిన సమయం. ఆ సందేశం ఒక అధికారి సొంత ఫోనులోనే ఉండి, ఆ ఫోను మారిపోతే జవాబు కూడా పోయినట్టే.

డెన్మార్క్‌లో మింక్ జంతువులను చంపించిన నిర్ణయం మీద విచారణ జరిగినప్పుడు, ప్రధాని ఎస్సెమ్మెస్‌లు 30 రోజులకు వాటంతటవే చెరిగిపోయేలా అమర్చి ఉన్నట్టు 2021లో బయటపడింది. బ్రిటన్ కోవిడ్ విచారణలో మాజీ ప్రధాని వాట్సాప్ సందేశాలు ఇవ్వడం మీద ప్రభుత్వమే కోర్టుకెక్కి 2023 జులైలో ఓడిపోయింది. మనకు ఇందులో పాఠం స్పష్టం: ప్రభుత్వ నిర్ణయం ఏ యాప్‌లో జరిగినా రికార్డే. ఆపత్కాలంలో నడిచిన గ్రూపును ఆ వారంలోనే ఎగుమతి చేసి ఆఫీసు ఫైలులో కలపాలి.

తుపాను హెచ్చరికలకు రెండు గడువులు కావాలి. వాతావరణ శాఖ తుపాను అట్లాసులో 1891 నుంచి బంగాళాఖాతపు తుపాన్ల దారులున్నాయి. అందుకే 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటినవాటిని ఈనాటి వాటితో పోల్చగలుగుతున్నాం. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. తుపానుదైనా సునామీదైనా, హెచ్చరికలో ఉన్న మాటలు, పంపిన సమయం, చేరిన సమయం శాశ్వతంగా ఉండాలి. అందుకున్న మత్స్యకారుల ఫోను నంబర్లు మాత్రం పరిహారాలు, కేసులు ముగిశాక తీసేయాలి. ఒకే రికార్డులో ఒక భాగం చరిత్రది, ఇంకో భాగం మనిషిది.

వెబ్‌సైట్‌లో ఉన్నది రేపు ఉంటుందా?

2008 నుంచి రాష్ట్ర ప్రభుత్వ జీవోలు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేవి. 2021 ఆగస్టులో అప్‌లోడ్ చేయడం ఆపేశారు. 2024 ఆగస్టు చివర మళ్లీ మొదలుపెట్టి, మధ్యకాలపు ఉత్తర్వులను కూడా పెట్టాలని నిర్ణయించారు. జీవోలు లేకుండా పోలేదు, జనం కళ్లముందు నుంచి పోయాయి. ఆ మూడేళ్లూ పౌరుడికి రెండింటికీ తేడా తెలియలేదు.

జిల్లాల హద్దులు మారినప్పుడు కూడా ఇదే ఇబ్బంది. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులో చేరింది. కాగితం ఫైళ్లయితే లారీలో తరలించి, జాబితా మీద సంతకాలు తీసుకుంటారు. వెబ్ పేజీకి ఆ అప్పగింత ఎవరు చేస్తారు? పాత లింకు నొక్కితే ఏమీ తెరుచుకోని పేజీ, తాళం చెవి పోయిన రికార్డు రూము ఒకటే.

పరిశ్రమల విషయంలో ఇది ప్రాణాల మీది సంగతి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టు ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, అది జనానికి అందుబాటులో ఉండాలి. కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. నేలటూరులో 800 మెగావాట్ల థర్మల్ యూనిట్లు నడుస్తున్నాయి. బూడిద, దుమ్ము, వేడినీటి ప్రభావం ఒక తరం తర్వాత బయటపడవచ్చు. అప్పటికి మొదటి పదేళ్ల నివేదికలు వెబ్‌సైట్‌లో లేకపోతే పక్క ఊరివాళ్లు దేనితో పోల్చి చూపిస్తారు? ఈ నివేదికలకు గడువు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు, అది మూతపడ్డాక కనీసం ఇంకో ముప్పయ్యేళ్లు ఉండాలి.

బ్రిటన్ తన ప్రభుత్వ వెబ్‌సైట్ల పాత రూపాలను 1996 నాటివి మొదలుకొని ఒకే చోట చూపుతోంది. పేజీని ఉన్నది ఉన్నట్టు బంధించే వార్క్ అనే ఫార్మాట్‌కు 2009 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా 2009 నుంచే పాత సమాచారానికి ఆర్కైవ్ విధానం ఉండాలంటున్నాయి.

శ్రీహరికోట నేర్పిన పాఠం

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 ఎగిరింది. 2009 ఆగస్టు 29న దానితో సంబంధాలు తెగిపోయాయి. ఉపగ్రహం పని అయిపోయింది. దాని డేటా పని మాత్రం కాలేదు. అందులోని అమెరికా పరికరం ఎం3 పంపిన కొలతలను పరిశోధకులు మళ్లీ తవ్వి, చంద్రుడి ధ్రువాల నీడల్లో నీటి మంచు ఉందనడానికి నేరుగా ఆధారం దొరికిందని 2018లో ప్రకటించారు. పదేళ్ల నాటి డేటాను గడువు తీరిందని తీసేసి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ నాసాదే. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన అపోలో-11 అసలు టెలిమెట్రీ టేపులు, టేపుల కొరత వల్ల చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని ఆ సంస్థ 2009లో తేల్చింది. టేపు ఖరీదు చూశారు, అందులో ఉన్నది చూడలేదు. డిజిటల్ భద్రతకు నేడు ప్రపంచమంతా పాటించే ఓఏఐఎస్ అనే నమూనాను తయారుచేసింది అంతరిక్ష సంస్థల కమిటీయే.

తెరిచినా చదవలేని తెలుగు

తెలుగు కార్యాలయాలకు ఇంకో చిక్కుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తర్వాత చాలా ఏళ్లు డీటీపీ అంతా అను వంటి సొంత సంకేతాల ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆనాటి ఫైలు తెరిస్తే ‘తీర్మానం’ అన్న మాట ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కొక్కేలు కనిపిస్తాయి. ఫైలు ఉంది, తేదీ ఉంది, ఒక్క మాట కూడా చదవలేం. బ్రిటన్‌లో 1986లో లేజర్ డిస్కుల మీద చేసిన డోమ్స్‌డే ప్రాజెక్టుదీ ఇదే కథ. తొమ్మిది వందల ఏళ్ల నాటి అసలు డోమ్స్‌డే పుస్తకం చదవగలిగారు గానీ, పదిహేనేళ్లు దాటీ దాటకముందే ఆ డిస్కు చదివే యంత్రం దొరకడమే కష్టమైంది.

కాబట్టి గడువు రాసేటప్పుడే మార్పిడి తేదీ కూడా రాయాలి. పాత ఫాంటు ఫైళ్లను యూనికోడ్‌లోకి, పత్రాలను పీడీఎఫ్/ఎ రూపంలోకి మార్చి, అసలును కూడా పక్కన ఉంచాలి. పుణె సీడాక్ ఇలాంటి భద్రతకు ప్రమాణాలు రూపొందించింది. వాటిని కేంద్రం 2013లో ప్రకటించింది కూడా.

ఒక్కచోటే ఉంచడం ఉంచినట్టు కాదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో దొంగలు పడి ఒక కేసుకు చెందిన పత్రాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఎత్తుకుపోయారు. హైకోర్టు అదే ఏడాది నవంబరులో విచారణను సీబీఐకి అప్పగించింది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి. నకలు వేరే ఊళ్లో ఉంటే దొంగతనం, నిప్పు, తుపాను ఏదీ రికార్డును తుడిచిపెట్టలేదు.

గడువు ఎంత ఉండాలి

భూమి రికార్డు శాశ్వతం కాబట్టి దాని మార్పుల లాగ్ కూడా శాశ్వతం కావాలి. 180 రోజుల నియమం సైబర్ భద్రతకు చాలు, పట్టాకు చాలదు. జీవోలు, తీర్మానాలు, విపత్తు సందేశాలు శాశ్వతం. పర్యావరణ నివేదికలు ప్రాజెక్టు జీవితకాలం, ఆపైన ముప్పయ్యేళ్లు. పరిహారం, లబ్ధిదారుల జాబితాలు చివరి కేసు ముగిసేదాకా ఉండాలి, ఆ తర్వాత పేర్లు తీసి అంకెలు ఉంచాలి. మామూలు ఉత్తరప్రత్యుత్తరాల మెయిళ్లకు పాత డి.డిస్ లాగే పదేళ్లు సరిపోతాయి. వేలిముద్రల లావాదేవీలు ఆరు నెలలకే పోవాలి.

ఇవి అమలవుతున్నాయా లేదా తెలుసుకునే దారి చదువరి చేతిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మీ మండల తహసీల్దారు కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టి, వెబ్‌ల్యాండ్ మార్పుల లాగ్ ఎన్నేళ్లు ఉంచుతున్నారు, ఆఫీసు వాట్సాప్ గ్రూపు సందేశాలను ఎక్కడ భద్రపరుస్తున్నారు, ఆ నియమం కాపీ ఇవ్వండి అని అడగండి. ముప్పయి రోజుల్లో జవాబు ఇవ్వడం వారి విధి.